కుట్టుపడవ, తండేలు: మన తీరమువారి విద్య



పత్తియు మిరపయు పండు మన పొలముల నుండి తూర్పుగా పోయినచో సముద్రము కానవచ్చును. మోటుపల్లి, వాడరేవు, నిజాంపట్టణము అను పేర్లు మీరు వినియే యుందురు. విత్తు వేయుటకు మనము ఆకాశమును చూచినట్లే, పడవ దింపుటకు అచ్చటివారును ఆకాశమును చూతురు. వారి పడవను గూర్చియు, దానిని నడపు నేర్పును గూర్చియు నేడు మేము మీతో ముచ్చటింపదలచినాము.

మన తీరమున సహజమైన రేవులు అరుదు. ఒడ్డునుండి చాలదూరము వరకు లోతు తక్కువ, అడుగున ఇసుక. నదీముఖముల యొద్ద ఇసుకమేటలు చోటు మారుచుండును. అందుచే పూర్వము పెద్ద ఓడలు ఒడ్డునకు రాజాలక దూరముగా లంగరు వేసికొనెడివి. ఓడకును ఒడ్డునకును నడుమ విరిగిపడు కెరటములే అసలు గండము. నడిసముద్రమున తప్పించుకొన్న సరకు ఒడ్డు కనబడుచుండగనే నీటిపాలగుట కలదు.

ఈ గండమును మన పూర్వులు చక్కగా నెరిగియుండిరి. ఓడ తుపానుచే దెబ్బతిని ఒడ్డునకు కొట్టుకొని వచ్చినచో, అందలి సరకును రాజులు పట్టుకొనుట ఆనాటి ఆచారము. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనము దీనిని మాన్పెను. ప్రాణమునకు తెగించి సముద్రము దాటివచ్చు వర్తకులయందు కనికరించి, నియమిత సుంకము మాత్రమే తీసికొని, తక్కిన దెల్ల వారికే విడిచెదనని ఆ రాజు మాట యిచ్చెను. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకము 30వ వంతు. ఆ శతాబ్దము చివర మార్కో పోలో ఈ రాజ్యపు సన్నని వస్త్రములను సాలెగూటితో పోల్చి వ్రాసెను. 1358లో కొండవీటి అనపోతరెడ్డియు మోటుపల్లి వర్తకులకు అభయ మొసగెను.

తరువాతి కాలమున ఐరోపా కంపెనీల ఓడలు వచ్చినపుడు, మనుష్యులను, సరకును కెరటములు దాటించి ఒడ్డు చేర్చినది మసూలా పడవ. మచిలీపట్టణమును బట్టియే దీనికీ పేరు వచ్చినదని కొంద రందురు. దీని నిర్మాణము వింతయైనది. ఇందు ఇనుప మేకు ఒక్కటియు నుండదు. తేలికైన చెక్క పలకల అంచులకు వరుసగా బెజ్జములు తొలచి, పలకకు పలకను కొబ్బరిపీచు త్రాటితో కుట్టుదురు. నీరు చొరకుండ కుట్టు క్రింద పీచుగాని గడ్డిగాని దట్టింతురు. అడుగు బల్లపరుపు, ప్రక్కలు ఎత్తు.

మేకులతో బిగించిన పడవను కెరటము ఎత్తి ఇసుకపై పడవైచినపుడు మేకులు వదలును, పలకలు పగులును. కుట్టుపడవ అట్లు కాదు. దెబ్బ తగిలినపుడు కొంచెము వంగి, మరల తన రూపునకు వచ్చును. కుట్ల సందున నీరు కొంత చేరును. దానిని తోడి పోయుచుందురు. ఉప్పునీట త్రాడు చివుకును గనుక కుట్లు విప్పి మరల కుట్టవలసి యుండును. సేద్యమునకు ఏటేట నాగలి బాగుచేయించుట వంటిదే యిది.

పడవ ఎంత మంచిదైనను నడపువాడు ముఖ్యము. అతనిని తండేలు అందురు. అతడు వెనుక నిలిచి పొడవైన తెడ్డును చుక్కానిగా పట్టుకొనును. కెరటములన్నియు ఒక్కతీరున రావు. కొన్ని పెద్దవి వచ్చిన పిమ్మట కొన్ని చిన్నవి వచ్చును. తండేలు పడవను కెరటముల వెలుపలనే ఆపి, వానిని లెక్కించుచు వేచియుండును. పెద్ద కెరటము దాటిపోగానే కేక వేయును. అందరు ఒక్కుమ్మడిగా తెడ్లు వేయుదురు. పడవ కెరటమునకు సూటిగా నిలువవలెను. అడ్డము తిరిగినచో బోల్తాపడును. చెన్నపట్టణపు రేవున మసూలా పడవల వెంట తెప్పలును పోయెడివి. దుంగలను త్రాళ్లతో కట్టిన తెప్ప బోల్తాపడినను మునుగదు. నీటబడినవారిని తెప్పవాండ్రు కాచెడివారు.

ఇప్పుడు మన తీరమున ఫైబరు పడవలును ఇంజనులును వచ్చినవి. చెక్క పడవ కుట్టు చేతులు తగ్గినవి. పెద్దలు జీవించియుండగనే ఆ పనిని చూచి, కొలతలతో వ్రాసి, బొమ్మలు గీసి దాచుకొనుట బడులకును, పంచాయతీలకును తగిన పని.

అయితే తండేలు నేర్పు కెరటమునకు చాలును గాని ఉప్పెనకు చాలదు. 1864 నవంబరు 1వ తేది రాత్రి మచిలీపట్టణమును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది గతించిరి. 1977 నవంబరు 19వ తేది ఉప్పెనలో దివిసీమ మొదలగు తీరభూములలో సుమారు 10,000 మంది మరణించిరి. 1990 మే నెలలో మిక్కిలి బలమైన తుపానే మరల కృష్ణా ముఖమును తాకెను. కాని లక్షలాది ప్రజలను ముందుగనే తరలించుటచే మృతుల సంఖ్య వేయి లోపే నిలిచెను. ముందు హెచ్చరికకును, దానిని వినుటకును గల విలువ యిది.

రేవులలో ఎగురవేయు ప్రమాద సూచికలు 1 మొదలు 11 వరకు కలవు. సాధారణముగా పెద్ద అంకెలు పెద్ద ప్రమాదమును తెలుపును. సూచిక ఎగిరినపుడు పడవ దింపకుండుట పిరికితనము కాదు. కెరటము వెలుపల ఆగి వేచియుండు తండేలును పిరికివాడని ఎవ్వరు నందురు? మెట్ట గ్రామముల సోదరులారా, తీరమున మీకు చుట్టములున్నచో, హెచ్చరిక వినిన వెంటనే వారికి ఫోను చేయుడు. వలయు పడవయు పోయినను మరల సంపాదింపవచ్చునని చెప్పుడు. వారు మీ యూరికి తరలివచ్చినచో చోటిచ్చి ఆదరింపుడు. తుపాను బాధితునియందు కనికరము చూపుట ఈ గడ్డకు మోటుపల్లి శాసనకాలము నుండియు వచ్చుచున్న మర్యాద.