లేని ఇంటికి సొమ్ము చెల్లించే ముందు



గల్ఫ్ దేశాలలో పది, పదిహేను సంవత్సరాలు చెమటోడ్చి కూడబెట్టిన సొమ్మును హైదరాబాదులో ఫ్లాటు కోసం చెల్లించి, నేటికీ ముళ్లకంపలు మొలిచిన ఖాళీ స్థలాన్ని చూపుతూ నిలబడిన కుటుంబాలు మన మధ్యనే ఉన్నాయి. వారిలో కొందరు అపరిచితులకు సొమ్ము ఇచ్చినవారు కారు. మనవాడు, మన పక్కన నిలబడి నమాజు చేసేవాడు తీసుకువచ్చిన బేరమది. కాగితం అడిగితే అతడు నొచ్చుకుంటాడేమోనని మొగమాటపడ్డారు.

దివ్య ఖురాన్‌లోని అతి దీర్ఘమైన ఆయతు నమాజు గురించో, ఉపవాసం గురించో కాదు. బఖరా సూరాలోని ఆ 282వ ఆయతు అప్పును వ్రాసుకోవడం గురించి, సాక్షులను పెట్టుకోవడం గురించి వివరిస్తుంది. మొత్తం చిన్నదైనా వ్రాతను విడువరాదని అది మనకు బోధిస్తోంది. కాగితం అడగడం అనుమానించడం కాదు, ఆజ్ఞను పాటించడం.

ఇంకా లేని వస్తువుకు ముందే సొమ్ము చెల్లించడం కొత్త సంగతేమీ కాదు. దైవప్రవక్త (స) మదీనాకు విచ్చేసిన నాటికి అక్కడివారు ఖర్జూరపు పంటకు ఒకటి రెండు సంవత్సరాల ముందే మూల్యం చెల్లించేవారు. ఆయన దానిని నిషేధించలేదు; కొలత, తూకం, గడువు స్పష్టంగా ఉండాలని కట్టుదిట్టం చేశారు. మన ఫ్లాటుకు కొలత అంటే గోడల లోపల మనకు దక్కే కార్పెట్ ఏరియా. ‘సూపర్ బిల్టప్’ అనే పెద్ద అంకె కాదు. గడువు అంటే ఒప్పందంలో వ్రాసిన తేదీ; ‘రెండేళ్లలో అయిపోతుంది భాయ్’ అనే మాట కాదు.

నేడు దేశ చట్టం కూడా మనకు అండగా ఉంది. 2016లో వచ్చిన రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో, 8 ఫ్లాట్లకు మించి కట్టేవారు ముందుగా రెరాలో నమోదు కావాలి. నమోదు కాకముందు ప్రకటన ఇవ్వడానికి గాని, బుకింగ్ తీసుకోవడానికి గాని వీలులేదు. ‘ప్రీ లాంచ్’ పేరిట సగం ధరకే అంటూ మొత్తం సొమ్ము ఒకేసారి అడిగేవారు ఈ గడపను దాటకుండానే మన ముంగిటికి వస్తున్నారు. అనుమతి రాని స్థలంలో అవిభాజ్య వాటాను రిజిస్టరు చేసి ఇస్తామన్నా మోసపోకండి. చేతికి వచ్చేది నేలలో వాటాయే గాని ఇల్లు కాదు.

అమ్మకపు ఒప్పందాన్ని రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోరాదని అదే చట్టం చెబుతున్నది. కొనుగోలుదారులు చెల్లించిన దానిలో 70 శాతం ప్రత్యేక బ్యాంకు ఖాతాలో ఉండాలి. ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువీకరించిన మేరకే పని సాగిన కొద్దీ దానిని తీయాలి. నగదుగా ఇచ్చిన సొమ్ము ఆ ఖాతాకు చేరదు. నగదు ఇచ్చి తగ్గింపు పొందామని సంతోషించేవారు తమ రక్షణను తామే అమ్ముకున్నారు.

సందులలో అయిదారు ఫ్లాట్లతో లేచే చిన్న భవనాలకు ఈ నమోదు అక్కరలేదు. అక్కడ మనం వ్రాయించుకున్నదే మన కోట. స్థల యజమానికి, బిల్డరుకు మధ్య ఉన్న అభివృద్ధి ఒప్పందాన్ని, మునిసిపాలిటీ అనుమతిని న్యాయవాదికి చూపించండి. ఆయన రుసుము ఫ్లాటులో ఒక తలుపు ఖరీదుకు మించకపోవచ్చు.

గడువు తప్పితే కొనుగోలుదారు వైదొలగి సొమ్ము తిరిగి కోరవచ్చు. చట్టం దానికి వడ్డీ కూడా చేరుస్తుంది. ఆ వడ్డీ విషయమై ధర్మవేత్తలను సంప్రదించండి. కాని ఆ సందేహంతో అసలును కూడా వదులుకొని, ఫిర్యాదు చేయక మౌనంగా కూర్చోవడం దైవభక్తి కాదు. ఆ అసలులో భార్యాబిడ్డల హక్కు ఉంది.

చివరగా, కమీషను తీసుకొని బేరాలు కుదిర్చే సోదరులకు ఒక మాట. నమోదైన ప్రాజెక్టులలో అమ్మకాలు కుదిర్చే ఏజెంటు కూడా రెరాలో నమోదు కావాలి. మీ ముఖం చూసి సొమ్ము ఇచ్చినవారు రేపు మీ ఇంటికే వస్తారు. బిల్డరు కాగితాలను వారి కంటే ముందు మీరు చదవండి.