పంపిణీ జాబితా ఎవరి చేతిలో ఉంది?



ఒక దేశాన్ని క్రూరమైన ప్రభుత్వం ఏలుతోంది, యుద్ధం నడుస్తోంది, జనం తిండి లేక చస్తున్నారు. బయటివాళ్లు ధాన్యం పంపితే అందులో కొంత ఆ పాలకులకే దక్కుతుంది. పంపాలా, మానాలా? ఎనభై ఏళ్లుగా ప్రభుత్వాలు ఇలాగే తర్జనభర్జన పడుతున్నాయి. పంపడం గురించి సందేహమే అక్కర్లేదని నా అభిప్రాయం. తేల్చుకోవలసింది ఆ ధాన్యం మీద పెత్తనం ఎవరిదన్న సంగతి. రేషన్ దుకాణం ముందు నిలబడ్డ కుటుంబాల నుంచి వచ్చి ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీకు దీన్ని విడమరచి చెప్పనవసరం లేదు. గోదాములో బియ్యం ఉండటం వేరు, అది కార్డున్న మనిషి సంచిలో పడటం వేరు.

గ్రీసు సంగతి చూడండి. 1941 ఏప్రిల్‌లో జర్మనీ ఆ దేశం మీద పడింది. జర్మనీ, ఇటలీ, బల్గేరియా దాన్ని పంచుకున్నాయి. ధాన్యం పండే తూర్పు మాసిడోనియా, థ్రేస్ బల్గేరియా పాలయ్యాయి. తక్కిన చోట్ల సైన్యాలు దొరికిన తిండినల్లా ఊడ్చుకుపోయాయి. అసలే ఆ దేశం అప్పట్లో విదేశీ గోధుమల మీద బతికేది, ఆ గోధుమలు వచ్చే సముద్రమార్గాన్ని బ్రిటన్ నౌకాదళం మూసేసింది. ఆక్రమించినవాడే జనానికి తిండి పెట్టాలి, మనం పంపితే హిట్లర్ నెత్తిన బరువు దించినట్టే అన్నది చర్చిల్ ప్రభుత్వ వాదన. అందులో న్యాయం లేకపోలేదు. అయితే ఆ వాదన నిలిచినన్నాళ్లూ మూల్యం చెల్లించింది ఏథెన్స్, పిరేయస్ నగరాల పేదలు. ఆక్రమణ కాలంలో కరవుకు పోయిన ప్రాణాలు మూడు లక్షల దాకా ఉంటాయని ఒక అంచనా. చివరికి 1942లో బ్రిటన్ దిగ్బంధాన్ని సడలించింది. ఆ ఏడాది వేసవి చివర నుంచి స్వీడన్ ఓడలు కెనడా గోధుమలు మోశాయి, నెలకు 15,000 టన్నుల లెక్కన. పంపిణీని తటస్థ దేశాలైన స్వీడన్, స్విట్జర్లాండ్‌ల ప్రతినిధులు అజమాయిషీ చేశారు. గ్రీసులో పండిన పంట గ్రీకులకే మిగలాలని షరతు పెట్టారు. ఆ షరతును ఆక్రమణదారులు పూర్తిగా పాటించలేదు, నిజమే. అయినా మొదటి శీతాకాలంలో చూసిన సామూహిక మరణాలు మళ్లీ ఆ స్థాయిలో రాలేదు. 1944 అక్టోబరులో జర్మన్లు ఏథెన్స్ వదిలి వెళ్లారు. వాళ్లను వెళ్లగొట్టింది యుద్ధరంగంలో ఎదురైన ఓటమి. అంతకుముందు గ్రీకు పిల్లలు ఆకలితో చావడం వల్ల ఆ రోజు ఒక్క పూట కూడా ముందుకు జరగలేదు.

పెత్తనం పాలకుడికే వదిలేస్తే ఏమవుతుందో ఇథియోపియా చూపించింది. 1984-85 కరవులో ప్రపంచం కదిలింది, పాటలు పాడి విరాళాలు పోగు చేసింది. అక్కడి మెంగిస్టు ప్రభుత్వం మాత్రం ఉత్తరాన తిరుగుబాటు ప్రాంతాల జనాన్ని ఖాళీ చేయించే పనిలో పడింది. తిండి పెట్టే కేంద్రాలే మనుషులను పట్టే వలలయ్యాయి. ఆశగా వచ్చినవాళ్లను బలవంతంగా లారీల్లో, విమానాల్లో ఎక్కించి దూరాన దక్షిణ, పశ్చిమ ప్రాంతాలకు తరలించారు. దీన్ని బయటపెట్టిన సరిహద్దుల్లేని వైద్యుల సంస్థ ఫ్రెంచి శాఖను 1985 చివర్లో దేశం నుంచి గెంటేశారు. అదే సమయంలో సుడాన్ వైపు నుంచి టిగ్రే, ఎరిట్రియా సహాయ సంఘాలు విమాన దాడుల భయంతో రాత్రిపూట లారీలు నడిపి, రాజధాని అనుమతి లేకుండానే ధాన్యం చేర్చాయి. ఆ సంఘాలకూ తిరుగుబాటుదళాలతో సంబంధం ఉంది, వాటినీ కళ్లు మూసుకుని నమ్మకూడదు. కానీ ఒకే ద్వారం ఉన్నప్పుడు ఆ ద్వారపాలకుడే ప్రభువు, రెండో ద్వారం తెరుచుకుంటే అతనితో బేరమాడే వీలుంటుంది.

ఈ రెండో ద్వారం కోసమే సిరియాలో ఏళ్ల తరబడి పెనుగులాట జరిగింది. అప్పటి పాలకుడు అసద్ సైన్యం తిరుగుబాటు పట్టణాలను ముట్టడించి ఆకలితో లొంగదీసుకుంది. ఐక్యరాజ్యసమితి వాహనాలకు రాజధాని డమాస్కస్ అనుమతి కావలసి వచ్చేది. అనుమతి దొరికినా శస్త్రచికిత్స సామగ్రిని చాలాసార్లు దింపేసేవారు. 2014 జులైలో భద్రతామండలి 2165వ తీర్మానంతో పొరుగు దేశాల నుంచి నాలుగు సరిహద్దు మార్గాలు తెరిచింది. వాటికి డమాస్కస్ అనుమతి అక్కర్లేకపోయింది, సమాచారమిస్తే సరిపోయేది. రష్యా, చైనాల వీటోల ఒత్తిడితో 2020 నాటికి అవి ఒక్క బాబ్ అల్-హవా మార్గానికి కుదించుకుపోయాయి. 2023 ఫిబ్రవరి 6న భూకంపం వచ్చినప్పుడు ఆ ఒక్క దారే గతి అయింది. వాయవ్య సిరియాకు సమితి తొలి వాహనశ్రేణి చేరింది మూడు రోజుల తర్వాత. శిథిలాల కింద ఉన్నవాళ్లకు మూడు రోజులంటే ఎంతో మీ వైద్య, ఇంజనీరింగ్ విభాగాలవాళ్లకు తెలుసు.

ఇక్కడ గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. జనాన్ని బయటివాళ్లు పోషిస్తే ఆ మిగులుతో ప్రభుత్వం తుపాకులు కొంటుందంటారు. జనాన్ని పోషించాలనుకున్న ప్రభుత్వానికే అలాంటి మిగులు వస్తుంది. సిరియాలోని దరాయా పట్టణాన్ని ముట్టడించి పస్తులు పెట్టినవాడికి ఆ ఊరి తిండి ఖర్చు ఎన్నడూ లేదు. అసలు నష్టం మరో చోట ఉంది. డాలర్లను ప్రభుత్వం నిర్ణయించిన ధరకే మార్చాలన్న నిబంధనలో, ప్రభుత్వ అనుకూలురకే గుత్తేదారీలు ఇవ్వడంలో. వాటిని తనిఖీతో పట్టుకోవచ్చు. సార్వభౌమత్వం మాటేమిటని ఇంకొందరు అడుగుతారు. వలసపాలన చూసిన మన దేశానికి ఆ మాట ప్రియమైనదే. అయితే పౌరులను పస్తులుంచడాన్ని యుద్ధపద్ధతిగా వాడకూడదని 1977 నాటి జెనీవా అదనపు ఒప్పందాలు నిషేధించాయి. అంతర్యుద్ధాలకూ అది వర్తిస్తుంది. సార్వభౌమత్వం పేరు చెప్పి ఆ నిషేధాన్ని పక్కన పెట్టడం కుదరదు.

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న సహాయ కార్యకర్తలది. నోరు విప్పితే గెంటేస్తారు, రోగి అనాథ అవుతాడు. నోరు మూసుకుంటే దుర్మార్గంలో భాగమవుతాం. దీనికి సూత్రం లేదు. నేను ఒక్క గీత గీస్తాను: సహాయమే జనాన్ని పట్టే వల అయినచోట, ఇథియోపియాలో లాగా, మాట్లాడి బయటపడాలి. అంతకు ఇవతల ఉన్నంతవరకూ ఉండి పోట్లాడాలి. గోదాము తాళం కోసం, తూకం కోసం, జాబితాలో పేర్ల కోసం.

ఆ జాబితాలు ఇప్పుడు కంప్యూటర్లలో ఉన్నాయి. మీలో కొందరు అలాంటివి తయారుచేస్తారు. ముట్టడిలో ఉన్న ఊరి నుంచి సేకరించిన పేర్లు, వేలిముద్రలు రేపు ఏ పోలీసు చేతికి చిక్కుతాయో మొదటి రోజే అడగండి. కొందరు బ్యాంకుల్లో చేరతారు. ఆంక్షల భయంతో బ్యాంకులు సహాయ సంస్థల డబ్బు ఆపేస్తున్నాయని గుర్తించి భద్రతామండలి 2022 డిసెంబరులో 2664వ తీర్మానంతో తన ఆస్తుల స్తంభన ఆంక్షల నుంచి మానవతా సహాయానికి మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు చదవని అధికారి బల్ల మీద ఫైలు ఆగిపోతే, అక్కడ ఆగేది పాలు, మందులు. ఆ ఫైలు మీ ముందుకు వచ్చినప్పుడు తీర్మానం తెరిచి చదవండి.