టిప్పు మేనమామ ఊరు



సెలవులు రాగానే మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల మన కుటుంబాలు బెంగళూరు లాల్‌బాగ్‌కు, మైసూరుకు, శ్రీరంగపట్నానికి తరలుతాయి. సంతోషమే. లాల్‌బాగ్ తోటను 1760లో హైదర్ అలీ ఆరంభించగా, టిప్పు సుల్తాన్ దేశవిదేశాల మొక్కలు తెప్పించి పెంచారు. శ్రీరంగపట్నం గుంబజ్‌లో ఆ తండ్రీకొడుకులతో పాటు టిప్పు తల్లి ఫాతిమా ఫక్రున్నీసా సమాధి కూడా ఉన్నది. మనవారు అక్కడ దుఆ చేసి తిరిగి వస్తారు. ఆ తల్లి మన సీమ ఆడపడుచు అన్న సంగతి ఎందరికి తెలుసు?

ఆమె తండ్రి మీర్ ముయీనుద్దీన్ కడప కోటకు అధికారి. సోదరుడు మీర్ రజా అలీ ఖాన్ గుర్రంకొండ పాలకుడు. 1781లో పోర్టోనోవో యుద్ధంలో ఆంగ్లేయులతో పోరాడుతూ గాయపడి మరణించిన ఆయన మక్బరా గుర్రంకొండలోనే ఉన్నది. టిప్పు మేనమామ ఊరికి మనం ఒక్క పూటలో వెళ్ళి రావచ్చు. అయినా పిల్లలను వెంటబెట్టుకొని ఆ కోట, ఆ రంగినీ మహల్ చూసి వచ్చిన కుటుంబాలు మా ఎరుకలో బహు తక్కువ.

ఆ కోట కథ పిల్లలకు తప్పక చెప్పవలసినది. కడప నవాబులు, మరాఠాలు, మైసూరు పాలకులు, నిజాం, చివరకు కంపెనీవారు, ఇన్ని చేతులు మారింది. 1791లో కంపెనీ ఫిరంగుల సాయంతో కోటను ముట్టడించినది నిజాం సైన్యం. లోపల నిలిచి పోరాడినది టిప్పు సైన్యం. ఇరువైపులా ముస్లిం ప్రభువులే. గతమంతా రెండు మతాల పోరేనని నేడు ఊదరగొట్టేవారికి ఇంతకంటే జవాబేమి కావాలి? తొమ్మిదేళ్ళకు, 1800లో, నిజాం ఈ సీమనంతా కంపెనీకి దత్తం చేశాడు. గండికోటకు వెళ్ళినవారు మాధవరాయస్వామి ఆలయాన్ని, జామియా మసీదును ఒకే కోటలో చూసే ఉంటారు.

మన సమ్మిశ్ర సంస్కృతి వారసత్వాన్ని కాపాడుకోవడం ప్రతి పౌరుని విధి అని రాజ్యాంగం 51-ఏ అధికరణం చెబుతున్నది. జాతీయ ప్రాముఖ్యం గల కట్టడాల రక్షణ ప్రభుత్వ బాధ్యత అని 49వ అధికరణం చెబుతున్నది. అడిగే హక్కు మనకున్నది. 2022 నుంచి ఉర్దూ మన రాష్ట్రంలో రెండవ అధికార భాష. కనుక చారిత్రక స్థలాల ఫలకాలపై తెలుగుతో పాటు ఉర్దూ కూడా ఉండాలని అర్జీలు పెట్టాలి.

అడిగే ముందు మన ఇల్లు చక్కబెట్టుకోవాలి. గోడలమీద పేర్లు చెక్కే కుర్రవాళ్ళలో మన పిల్లలు లేరని చెప్పగలమా? కేంద్ర సంరక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. భక్తితో చేసేదైనా సరే, సంరక్షిత మక్బరాకు అనుమతి లేకుండా సున్నం కొట్టడం, టైల్స్ అతికించడం తగదు. పాత గారపూత కింద పడి పోయిందంటే మళ్ళీ రాదు. చుట్టూ వంద మీటర్లలో కొత్త నిర్మాణం నిషిద్ధమన్న సంగతి కూడా మన కమిటీలు గుర్తుంచుకోవాలి.

వానలు వెనుకబట్టిన తరువాత, ఎండ ముదరకముందు, ఒక ఆదివారం వెళదాం. పొరుగింటి హిందూ పిల్లలను కూడా పిలుద్దాం. కొండ ఎక్కలేని పెద్దలు కింద మహల్ వద్ద కూర్చోవచ్చు. తాగునీళ్ళు ఇంటినుంచే తెచ్చుకోండి, ఖాళీ సీసాలు తిరిగి తీసుకెళ్ళండి. రాదలచినవారు జుమా నమాజు తరువాత పేర్లు ఇవ్వగలరు.