విదేశములందు అధ్యాపకవృత్తి – తరువాతి త్రోవ
(వార్షిక మహాసభయందుఁ జేసిన యుపన్యాసము)



ఈ మహాసభలో మాకు నిర్ణయింపఁబడిన విషయము విద్యావంతులైన మన యువజనుల విదేశజీవనమును గూర్చినది. విదేశమనఁగానే మన యిండ్లలో నమెరికా యనియు, పెద్ద జీతమనియు తలంపు కలుగుచున్నది. మేము మాటలాడఁబోవునది ఆ మార్గమును గూర్చి కాదు. మార్కాపురము, గిద్దలూరు, కంభము, యెఱ్ఱగొండపాలెము ప్రాంతములనుండి బి.టెక్., ఎం.ఎస్సీ., ఎం.ఏ. పట్టములు పొంది, తరువాత నేమి చేయవలయునో తేల్చుకొనక మునుపే ఆఫ్రికాకో మాల్దీవులకో పోయి పాఠములు చెప్పుకొనుచున్న మన పిల్లల సంగతి చెప్పఁదలఁచితిమి. వీరి సంఖ్య మన కులములోఁ బెద్దది కాదు. కాని వీరి ప్రస్తావన వచ్చినపుడెల్ల మన పెద్దలనోట వెలువడు మాట యొక్కటే: "వాఁడింకను కుదురుకొనలేదు." ఈ మాట న్యాయమా యని విచారించుట మా యుద్దేశము.

చదువునకై, బ్రదుకునకై యూరు విడుచుట మన సీమకుఁ గ్రొత్త గాదు. మనది మెట్టసీమ. గుండ్లకమ్మకు కట్ట వేసి పదునాఱవ శతాబ్దిలో నిర్మించిన కంభము చెఱువు క్రింది పొలములను విడిచినచో తక్కిన పల్లెలకు వానయే దిక్కు. వెలిగొండ నీటికై యొక తరమువారు కాచుకొనిరి. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడువఱకు మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోనివి. పై చదువునకుఁ గర్నూలో, నంద్యాలో, గుంటూరో పోవలసినదే. గుంటూరు–గుంతకల్లు మీటరుగేజి బండిలో బియ్యపుమూటతోడను, పచ్చడిజాడీతోడను వసతిగృహములకుఁ బోయినవారు ఈ సభలోనే పెక్కుమంది కలరు. మనకంటె ముందుగా మన రాయి విదేశములకుఁ బోయినది. మార్కాపురపు పలక యెన్ని దేశముల పిల్లల యొడిలో నుండెనో లెక్కింప నెవరితరము? కాగితపు పుస్తకములు ప్రబలిన పిమ్మట బడిపలకకు గిరాకి తగ్గి, ఆ రాయి నేఁడు నేలపఱపులకును గోడతాపడములకును పోవుచున్నది. పలక ముందు పోయెను. పంతులు వెనుకఁ బోయెను.

మాకుఁ బ్రత్యక్షానుభవము గలది ఇథియోపియా దేశము. ఆ దేశమునకు భారతీయోపాధ్యాయులు పోవుట మన కాలమున నారంభమైనది కాదు. 1941లో ఇటలీవారి యాక్రమణము తొలఁగి హైలే సెలాసీ చక్రవర్తి సింహాసనమునకు మరలివచ్చిన తరువాత బడులు పెంచుటకై పరదేశపు పంతుళ్లను రప్పించెను. వారిలో మనదేశమువారు, విశేషముగఁ గేరళీయులు, పెక్కురు. 1974లో సైనికులు చక్రవర్తిని పదభ్రష్టునిఁ జేసిన పిమ్మట పలువురు మరలివచ్చిరి. రెండవ యల ఈ శతాబ్దిలోనిది. అంతకుముందు వ్రేళ్లపై లెక్కింపఁదగియున్న ప్రభుత్వ విశ్వవిద్యాలయములు ఇరువదియేండ్లలో 40కి మించినవి. జిమ్మా, హవాస్సా, బహర్‌దార్, అర్బామించ్, మెకెల్లె మున్నగు పట్టణములందు బోధింప నధ్యాపకులు చాలకపోఁగా, మన తెలుఁగుదేశమునుండి యనేకులు పోయిరి. మేము పోయిన దప్పుడే.

అచ్చటి దినము సూర్యోదయముతో మొదలగును. మన గడియారమున నుదయ మేడుగంటలైనచో వారికది యొంటిగంట. క్రొత్తగా వచ్చిన యుపాధ్యాయుఁడు "రెండుగంటలకుఁ దరగతి" యని విని, భోజనము ముగించుకొని తీఱికగాఁ బోయి, ఖాళీగదిని జూచి తెల్లబోవుట కలదు. వారి రెండుగంటలు మన యుదయ మెనిమిది. నవ్వుటకు మన కధికారము లేదు. మన పూర్వుల గడియలును సూర్యోదయమునుండియే లెక్కింపఁబడినవి. వారి సంవత్సరమునకు 13 నెలలు: ముప్పదేసి దినముల నెలలు పండ్రెండు, అయిదాఱు దినముల నెల యొకటి. మనకు 2007 సెప్టెంబరు 12వ తేదీ వచ్చినపుడు వారికి 2000వ సంవత్సరము పుట్టినది. భావినిర్ణయము తోఁచని యువకునకు ఏడేండ్లు వెనుకనున్న యా పంచాంగము మిక్కిలి హితముగా నుండునని మాలో మేము పరిహాస మాడుకొనుచుంటిమి. టెఫ్ అను సన్నని ధాన్యపు పిండిని పులియఁబెట్టి పెనముపైఁ బోసిన ఇంజెర మన పెద్దదోసెకుఁ దోబుట్టువు. పొరుగింటివారు కాఫీకిఁ బిలిచినచో గింజలు మనయెదుటనే వేయించి, దంచి, కాచి, మూఁడు మార్లు పోసినఁగాని విడువరు.

ఇవి పైపై విశేషములు. అసలు సంగతి తరగతిగదిలోఁ గలదు. అచ్చటి పిల్లలు చిన్నతరగతులందు అమ్హరిక్, ఒరోమో, తిగ్రిన్యా మొదలగు తమ భాషలలోఁ జదివి, పై తరగతులకు వచ్చునప్పటికి ఆంగ్లమునఁ బడుదురు. తెలియక కాదు, నోరు రాక వారు వెనుకబెంచీలో మౌనము వహింతురు. బేస్తవారిపేటలోనో తర్లుపాడులోనో తెలుఁగు బడిలోఁ జదివి, ఇంటర్మీడియట్టులో ఆంగ్లమునకు బెదరిన మనవానికి ఆ మౌనము వెంటనే యర్థమగును. పెద్ద నగరములందుఁ బుట్టి పెరిగిన యధ్యాపకులు ఆ పిల్లలను మందబుద్ధులని విసుగుకొనఁగా, మన ప్రాంతమువాఁడు నల్లబల్లపై బొమ్మ వేసి, మాట తగ్గించి, లెక్క ముందుపెట్టి నడిపించుట చూచితిమి. తన యూరిలో లోటని తలఁచినది పరదేశమున నక్కఱకు వచ్చినది. అట్టివానిని గూర్చి "కుదురుకొనలేదు" అనుటకు మాకు నోరాడదు.

అయినను రెండవ ప్రక్కయుఁ జెప్పవలయును. ఒప్పందము గడువు గలది. గడువు ముగియునప్పటికిఁ బొడిగింపు కాగితము వచ్చును. సంతకము చేయుట సులభము. "ఇంకొక్క యేడు చూచి తేల్చుకొందము" అని సంతకము చేసిన చేయి మఱునాఁడు నిర్ణయమును మఱచిపోవును. ఇట్లు నాలుగు కాగితములు గడచునప్పటికి నిర్ణయించినది మనము గాక కాగితమగును. దేశము తానే త్రోసివేయు దినములునుఁ గలవు. 1974 సంగతి చెప్పియుంటిమి. 2020 నవంబరులో తిగ్రాయి సీమలో యుద్ధము పుట్టఁగా మెకెల్లె పట్టణమున టెలిఫోనులును బ్యాంకులును మూతపడెను. ఆ పోరు 2022 నవంబరు సంధివఱకు సాఁగినది. 2024 జూలైలో ఆ దేశపు నాణెమైన బిర్రును విపణి ధరకు విడువఁగా, కొలఁది వారములలోనే దాని విలువ యించుమించు సగమునకుఁ బడినది. బిర్రులలో జీతము దాఁచుకొన్నవాని కష్టము వేఱుగఁ జెప్పనేల?

మహనీయుల యుదాహరణములు చెప్పుట సభలయం దాచారము గనుక ఒకటి రెండు చెప్పెదము. సర్వేపల్లి రాధాకృష్ణపండితులు 1931 మొదలు 1936 వఱకు ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకు వైస్‌ఛాన్సలరుగా నుండి, 1936లో ఆక్స్‌ఫర్డున నాచార్యపీఠము నెక్కిరి. ఆ పీఠమును విడువకయే 1939లో కాశీ హిందూ విశ్వవిద్యాలయ భారమును, 1949లో మాస్కో రాయబారమును వహించి, 1952లో నుపరాష్ట్రపతులైరి. ఒక కాలు అక్కడ, ఒక కాలు ఇక్కడ నుండుట నిలుకడలేమి యని వారి నెవ్వరు ననలేదు. వెల్చేరు నారాయణరావుగారు 1971లో నమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకుఁ బోయి దశాబ్దములు తెలుఁగు బోధించిరి. వారికిఁ బోయిన చోటే కార్యక్షేత్రమైనది. వీరు మన పిల్లలకుఁ గొలబద్దలు గారు. మరలివచ్చుటయే గొప్ప యనిగాని, నిలిచిపోవుటయే గొప్ప యనిగాని ముందుగాఁ దీర్పు చెప్పరాదని మాత్రమే మా భావము.

ఇఁక మరలివచ్చినవాని కిచ్చట నేమి కాచుకొనియున్నది? ప్రభుత్వపు బడి యుద్యోగమునకు డి.యస్.సి. పరీక్ష కావలయును. మన రాష్ట్రమున 2018 తరువాత మఱల నియామకములు జరిగినది 2025లో, 16,347 పోస్టుల ప్రకటనతో. నడుమ నేడేండ్లు కోచింగు గదులలోఁ గూర్చుండినవానిని "ప్రయత్నములో నున్నాఁడు" అందుము. ఆ యేడేండ్లును పరదేశమునఁ బాఠము చెప్పి యింటికి డబ్బు పంపినవానిని "తిరుగుచున్నాఁడు" అందుము. ఇది యెక్కడి న్యాయము? కళాశాలలో నధ్యాపకత్వమునకైనచో నెట్ పరీక్షయో పిహెచ్.డి. పట్టమో యవసరము; ఎన్నియేండ్ల విదేశానుభవమున్నను అది యీ యర్హతకు బదులు గాదు. కాఁబట్టి పోయినవారు సాయంకాలపు తీఱికను వృథాపుచ్చక యా పరీక్షకుఁ జదువుకొనుట యుత్తమము. ఇది పెద్దలు మందలించి చెప్పవలసిన మాట కాదు, ముందుగాఁ దెలుపవలసిన సమాచారము.

ఆఁడుపిల్లల విషయమునఁ జిక్కు మఱింత యెక్కువ. కుమారుఁడు రెండేండ్లు పోయివచ్చినచో అనుభవమందురు. కుమార్తె పోయినచో సంబంధములు వెనుకకుఁ బోవునని భయపడుదురు. పెండ్లిచూపులలో "ఏల పోయినది, ఎవరితోఁ బోయినది" యని యడుగు నోళ్లు మన కులములో నింకను మూఁతపడలేదు. తన జీతముతోఁ దమ్ముని చదువు నడపుచున్న యాఁడుపిల్ల నట్లడుగుట యెంత హీనమో ఈ సభలోని తల్లులకు మేము చెప్పనక్కఱలేదు.

ఇఁక మన సంఘము చేయవలసినది. మన విద్యార్థిసహాయనిధి నియమముల ప్రకారము, ఇక్కడ స్థిరోద్యోగము పొందినవారు అప్పును వాయిదాలలోఁ దీర్చవచ్చును. విదేశమునకుఁ బోయినవారు మొత్తమును ఒక్కమాఱే చెల్లింపవలయును. ఈ నియమము వ్రాసిననాఁడు విదేశమనఁగా ధనికదేశమని మాత్రమే తలఁచియుందురు. ఆఫ్రికాలోఁ బాఠము చెప్పువానికి ఈ షరతు మోయరాని బరువు. వారికిని వాయిదాలు కల్పింపవలయునని మా ప్రార్థన. అందులకు బదులుగా వారు సెలవులలో వచ్చినపుడు కనీసము పదిదినములు మన వసతిగృహపు పిల్లలకు గణితమో ఆంగ్లమో బోధింపవలయును. పోఁదలఁచినవారి యొప్పందపత్రమును, వారిని బంపుచున్న ఏజెంటు ప్రభుత్వమునఁ బేరు నమోదైనవాఁడా కాఁడా యను విషయమును, సంతకమునకు ముందే చదివి చూచుటకు సంఘమున నిద్దఱు ప్లీడర్లను నియమింపవలయును. దళారులకు ముందుగా సొమ్ము కట్టి మోసపోయిన కుటుంబములు మన సీమలో లేకపోలేదు. మరలివచ్చినవానికి మూఁడునెలలు మన వసతిగృహములో నొక గది యుచితముగా నిచ్చినచో, ఇంటివారి ప్రశ్నలకును ఇరుగుపొరుగు చూపులకును దూరముగఁ గూర్చుండి వాఁడు తన దారి తేల్చుకొనును.

గదికిని విద్యుద్దీపమునకును అగు వ్యయమును వేసి, తీర్మానపుఁ బ్రతిని కార్యదర్శిగారి చేతి కిచ్చితిమి. మధ్యాహ్నపు సమావేశమున నది చర్చకు వచ్చును. నిధికి విరాళము లిచ్చిన దాతలు తమ యభ్యంతరములను మొగమోటము లేక యప్పుడు తెలుపఁగోరెదము; వాయిదాల మొత్త మెంత యుండవలయునో నిర్ణయింపవలసినవారు వారే.