శరణార్థి బాలుడు, కాలిబంతి వీరుడు: లూకా మోడ్రిచ్



ఈనాడు మేము చెప్పదలచినది మన దేశపు మనిషి కథ కాదు. ఐరోపా ఖండములో, ఇటలీకి ఎదురుగా ఏడ్రియాటిక్ సముద్రపు ఒడ్డున క్రొయేషియా అను చిన్న దేశము కలదు. 2021 లెక్కల ప్రకారము అచటి జనాభా సుమారు 39 లక్షలు. 2011 నాటికి మన తూర్పు గోదావరి జిల్లా ఒక్కదానిలోనే 51 లక్షల మంది యుండిరి. అంతటి చిన్న దేశము 2018లో కాలిబంతి ప్రపంచ కప్పు తుది పోటీకి చేరెను. ఆ జట్టు నాయకుడే లూకా మోడ్రిచ్.

అతడు 1985 సెప్టెంబరు 9న జాదర్ పట్టణమున జన్మించెను. తల్లిదండ్రులిరువురును దుస్తుల కర్మాగారములో కార్మికులు. బాల్యమంతయు వెలెబిట్ కొండవాలున తాతగారి రాతి ఇంట, మేకల వెంట గడచెను. తాత పేరు కూడ లూకాయే. 1991లో యుగోస్లావియా విచ్ఛిన్నమై యుద్ధము వచ్చెను. ఆ డిసెంబరులో సెర్బు తిరుగుబాటుదారులు తాతను కాల్చి చంపిరి. ఇల్లు తగులబడెను. పిల్లవానికప్పుడు ఆరేండ్లు.

తండ్రి సైన్యమున చేరెను. కుటుంబము జాదర్‌లోని ఒక హోటలులో తలదాచుకొనెను. హోటలనగా విలాసముగా నుండునని తలచరాదు. గదులన్నియు ఇండ్లు పోగొట్టుకొన్న వారితో నిండినవి. తుపానునాడు బడి భవనములో తలదాచుకొన్న మన తీరగ్రామముల వారికి ఆ బ్రతుకును వేరుగ వర్ణింపనక్కరలేదు. మనవారికది దినములతో తీరును. వారికి సంవత్సరములు సాగినది. పట్టణముపై ఫిరంగి గుండ్లు పడుచుండెను. హోటలు ముందు బండ్లు నిలుపు స్థలములో ఈ పిల్లవాడు బంతి తన్నుచుండెను.

బంతి చేతగాని పిల్లవాడు కాడు. కాని పొట్టివాడు, బక్కవాడు. స్ప్లిట్ నగరములోని ప్రసిద్ధ సంఘమైన హైడుక్ వారు ఆ కారణముననే చేర్చుకొనలేదు. మన బడులలో జట్టు నెన్నుకొనునపుడు కూడ ముందు ఎత్తు చూచి, పిమ్మట ఆట చూచుట మేము కన్నులార చూచినాము. తోమిస్లావ్ బాషిచ్ అను జాదర్ శిక్షకుడు మాత్రము అతనిని విడువలేదు. ఆయన పట్టుదల వలననే బాలునికి రాజధానిలోని డినామో జాగ్రెబ్ సంఘమున చోటు దొరకెను. వారు అతనిని 2003లో, పదునెనిమిదవ యేట, బోస్నియాలోని మోస్తార్ జట్టుకు ఎరువిచ్చిరి. అచటి ఆట మోటు ఆట. అచట నిలిచి, ఆ దేశపు లీగులో ఉత్తమ ఆటగాడనిపించుకొనెను. 2005లో డినామో పదేండ్ల ఒప్పందము వ్రాయగా, ఆ సొమ్ముతో తనవారికి జాదర్‌లో ఇల్లు కొనెను. అతని జీవితములోని బిరుదులన్నింటికంటె మాకీ ఘట్టమే పెద్దదిగా తోచును.

2008లో ఇంగ్లండులోని టాటెన్‌హామ్ జట్టుకును, 2012లో స్పెయినులోని రియల్ మాడ్రిడ్‌కును వెళ్లెను. అచట మొదటి నెలలలోనే ఒక క్రీడాపత్రిక పాఠకులు, ఆ యేటి కొనుగోళ్లలో ఇదియే మిక్కిలి పనికిమాలినదని ఓటు వేసిరి! ఆ జట్టుతోనే అతడు ఆరు పర్యాయములు ఐరోపా విజేత యయ్యెను. గోలులు కొట్టుటకంటె, నడిమి స్థానమున నిలిచి, పాదము వెలుపలి అంచుతో బంతిని తోటివానికి అందించుట అతని నేర్పు.

అపకీర్తియు లేకపోలేదు. 2017లో డినామో మాజీ పెద్ద యొకనిపై అవినీతి విచారణ జరుగగా, మోడ్రిచ్ న్యాయస్థానములో చెప్పిన సాక్ష్యము అతని మునుపటి వాఙ్మూలముతో సరిపోలేదు. దేశము మండిపడెను. చిన్ననాడు తలదాచుకొన్న హోటలు గోడపైననే అతనిని నిందించు వ్రాతలు వెలసెను. 2018 మార్చిలో తప్పుడు సాక్ష్యపు అభియోగము మోపబడి, డిసెంబరులో కొట్టివేయబడెను.

ఆ నడుమనే ప్రపంచ కప్పు. డెన్మార్కుతో పోటీ సరిసమానముగా సాగి, అదనపు సమయము ముగియవచ్చు వేళ పెనాల్టీ లభించెను. మోడ్రిచ్ తన్నిన బంతిని గోలురక్షకుడు పట్టుకొనెను. అయినను కొద్ది నిమిషములకు పెనాల్టీల పోటీలో మరల తానే ముందుకు వచ్చి గోలు చేసెను. జట్టు గెలిచెను. పిమ్మట రష్యా, ఇంగ్లండులను దాటి, జూలై 15న మాస్కోలో ఫ్రాన్సు చేతిలో 4-2తో ఓడిరి. మోడ్రిచ్‌కు ఉత్తమ ఆటగాని బహుమానము దక్కెను. అందుకొన్న ముఖమున నవ్వు లేదు. జాగ్రెబ్ వీధులలో మాత్రము లక్షలాది జనము స్వాగతమునకు నిలిచిరి. ఆ యేడే బాలన్ డోర్ పురస్కారమును గెలిచి, మెస్సీ, రొనాల్డో ఇద్దరే పదేండ్లుగా పంచుకొనుచున్న వరుసను తెంచెను.

మరి మనకును క్రొయేషియాకును సంబంధమేమని అడుగవచ్చును. 1998లో ప్రపంచ కప్పున మూడవ స్థానము పొందిన క్రొయేషియా జట్టులోని ఈగోర్ స్టిమాట్స్, 2019 మొదలు 2024 వరకు మన భారత జట్టుకు శిక్షకుడుగా నుండెను.

మోడ్రిచ్ 2022లో, ముప్పదియేడేండ్ల వయసున, జట్టును మరల మూడవ స్థానమునకు చేర్చెను. 2025లో 28 విజయ ఫలకములతో మాడ్రిడ్ విడిచి ఇటలీలోని మిలాన్ జట్టులో చేరెను. 2018లో పత్రికలవారు వెలెబిట్ కొండకు వెళ్లి చూడగా, తాతగారి రాతి ఇల్లు పైకప్పు లేక మొండిగోడలతో నిలిచి యుండెను. చుట్టునున్న నేలలో మందుపాతరలు కలవని హెచ్చరించు పలకలు ఇంకను కనబడుచుండెను.