వేలిముద్ర వేసే ముందు: చనిపోయినవారి ఆస్తి, మన వాటా

(వార్షిక సర్వసభ్య సమావేశంలో మాధవరం గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు ఇందాక చదివినారు. మేము వేరే లెక్క చెప్పడానికి వచ్చినాము. ఇంట్లో మనిషి పోయినాక, ఆ మనిషి పేరు మీద ఉన్న భూమి, బ్యాంకులో దుడ్డు, బీమా ఎవరికి రావాల, ఎట్ల రావాల అనే లెక్క. ఇది చెడ్డ మాట, సభలో ఎందుకు అనుకోవద్దండి. చావు లేని ఇల్లు లేదు. చావు తర్వాత నష్టపోయేది ఎక్కువగా ఆడమనిషే.

మా సంఘాల్లో ఒక చెల్లెలి భర్త బెంగళూరులో బిల్డింగ్ పనికి పోయి అక్కడే చనిపోయినాడు. దినాలు అయిన మరుసటి రోజే మరుదులు ఒక కాగితం తెచ్చినారు. “పిల్లలు చిన్నోళ్లు, నీకు తెలీదు వదినా, వేలిముద్ర వెయ్యి, భూమి మేము చూసుకుంటాము” అన్నారు. ఆ చెల్లెలు “సంఘంలో చూపించి వేస్తా” అని చెప్పి కాగితం మీటింగుకు తెచ్చింది. చదివి చూస్తే అందులో “చూసుకుంటాము” అనే మాట యాడా లేదు. “నా వాటా, నా పిల్లల వాటా వదులుకుంటున్నాను” అని ఉంది. ఆ పొద్దు నుంచి ఈ విషయం మేము వకీళ్లను, బ్యాంకు వాళ్లను, సచివాలయం వాళ్లను అడిగి నేర్చుకుంటూ వచ్చినాము. నేర్చుకున్నది మీ ముందు పెడుతున్నాము.

మొదట కావాల్సింది మరణ ధ్రువీకరణ పత్రం. అది లేకుంటే ఏ ఆఫీసులోనూ మాట సాగదు. మనవైపు వాళ్లు సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోతారు, బెంగళూరుకు పోతారు. మనిషి ఎక్కడ పోతే అక్కడే చావు నమోదు కావాల. శవాన్ని ఊరికి తెచ్చి మట్టి చేసినా, సర్టిఫికెట్ ఇచ్చేది ప్రాణం పోయిన చోటనే. 21 రోజుల లోపల చెప్తే రుసుము లేదు. నెల దాటితే పర్మిషన్ అడుగుతారు. సంవత్సరం దాటితే మెజిస్ట్రేట్ అధికారం ఉన్న ఆఫీసరు ఉత్తర్వు కావాల. అందుకే ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడే అక్కడి కాగితాలు, ఎవరికి చెప్పాల అనేది కనుక్కొని రావాల. పేరు, తండ్రి పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించాల. ఒక అక్షరం తేడా వస్తే మళ్లీ అంత దూరం పోయి దిద్దించుకోవాల.

రెండోది, వారసులు ఎవరు? 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం విల్లు రాయకుండా మగమనిషి చనిపోతే, ఆయన సొంతంగా సంపాదించిన ఆస్తికి మొదటి వారసులు భార్య, కొడుకులు, కూతుర్లు, తల్లి. అందరికీ సమాన వాటా. మూడెకరాలు సంపాదించిన మనిషి పోతే, భార్య, ఒక కొడుకు, ఒక కూతురు, తల్లి ఉంటే నాలుగు వాటాలు, మనిషికి ముప్పావు ఎకరా. అన్నదమ్ములకు ఇందులో వాటా లేదు. కూతురికి పెళ్లయిందా లేదా అని చట్టం అడగదు. భార్య మళ్లీ పెళ్లి చేసుకున్నా ఆమెకు వచ్చిన వాటా పోదు. అత్తకు కూడా వాటా ఉంది, అది కూడా మరిచిపోవద్దు. మన హక్కు అడిగేటప్పుడు ఇంట్లో ముసలామె హక్కు తొక్కితే న్యాయం కాదు.

తాతల నాటి ఆస్తి సంగతి వేరే. అందులో బిడ్డకు పుట్టుకతో హక్కు ఇస్తూ మన రాష్ట్రంలో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం చట్టం తెచ్చింది. అది 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలు. కానీ అప్పటికి పెళ్లయిన బిడ్డలకు అది వర్తించలేదు. 2005 సెప్టెంబర్ 9 నుంచి దేశమంతా పెళ్లయినోళ్లకు, కానోళ్లకు కొడుకుతో సమానంగా ఇచ్చినారు. 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా బిడ్డకు ఆ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న చెప్పింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టర్ అయిన భాగపరిష్కారాలను మాత్రం తిరగదోడరు.

ఈ హక్కు విలువ మనవైపు ఆడవాళ్లకు చెప్పనక్కరలేదు. 1953 దాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఆ కాలంలో ఈ పక్క కొడుకులు లేని ఇండ్లలో ఒక బిడ్డను బసివిగా విడిచేవాళ్లు. బసివి అయితే ఆ బిడ్డకు కొడుకు లెక్కన ఆస్తి వచ్చేది. అంటే తండ్రి చేను దక్కాలంటే ఆడబిడ్డ తన బతుకునే ఇవ్వాల్సి వచ్చింది. ఆ దురాచారాన్ని 1988 చట్టం నిషేధించింది. ఈ పొద్దు బిడ్డ బిడ్డగానే ఉండి వాటా అడగవచ్చు. మన జేజమ్మల కాలంలో అంత ఖరీదు పెట్టినదాన్ని మనం ఒక వేలిముద్రతో వదులుకోవద్దు.

మన సంఘాల్లో ముస్లిం అక్కలు, క్రైస్తవ అక్కలు ఉన్నారు. ముస్లిం ఇంట్లో పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు, పిల్లలు లేకుంటే నాలుగో వంతు. కొడుకు వాటాలో సగం కూతురికి. క్రైస్తవ ఇంట్లో పిల్లలుంటే భార్యకు మూడో వంతు, మిగిలింది కొడుకులు, కూతుర్లకు సమానంగా.

మూడోది, నామినీ. ఇక్కడే ఎక్కువ మంది మోసపోతున్నారు. నామినీ అంటే బ్యాంకు నుంచి దుడ్డు తీసుకొని వారసులకు అప్పజెప్పే మనిషి. అంతే గానీ యజమాని కాదు. బ్యాంకు డిపాజిట్ల విషయంలో సుప్రీంకోర్టు 2010లోనే ఈ మాట చెప్పింది. పెళ్లికి ముందు తెరిచిన ఖాతాలో అన్న పేరో తమ్ముని పేరో నామినీగా ఉండిపోతుంది. అప్పుడు “నా పేరు ఉంది, దుడ్డు నాదే” అంటే చెల్లదు. కానీ నామినీ దుడ్డు తీసుకున్నాక రాబట్టుకోవాలంటే కోర్టుకు పోవాల. ఆ తిప్పలు పడేదానికంటే ఇప్పుడే నామినీ మార్చుకునేది మేలు. 2025 నవంబర్ 1 నుంచి ఒక డిపాజిట్ ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు.

ఇంక తిరగాల్సిన ఆఫీసులు మూడు: బ్యాంకు, ఎమ్మార్వో ఆఫీసు, కోర్టు. ఏ పనికి ఏ ఆఫీసో తెలిస్తే సగం తిరుగుడు తగ్గుతుంది.

బ్యాంకులో నామినీ ఉంటే కోర్టు కాగితం అవసరం లేదు. నామినీ లేకున్నా, వారసుల మధ్య తగాదా లేకుంటే, 15 లక్షల లోపు దుడ్డుకు కోర్టు సర్టిఫికెట్ అడగకుండా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2025 సెప్టెంబర్‌లో ఆదేశాలు ఇచ్చింది. సహకార బ్యాంకుల్లో ఆ పరిమితి 5 లక్షలు. కాగితాలన్నీ ఇచ్చిన 15 రోజుల్లో తేల్చాల. 2026 మార్చి 31 లోపల బ్యాంకులన్నీ దీన్ని అమలు చేయాలని గడువు పెట్టినారు. ఎవరైనా “కోర్టు కాగితం లేనిదే కుదరదు” అంటే, “ఎందుకో రాసి ఇవ్వండి సార్” అని మర్యాదగా అడగండి.

పోయినవారి పాస్‌బుక్కు ఒకసారి బాగా చూడండి. ఏడాదికి ఒకసారి 436 రూపాయలు కట్ అయి ఉంటే జీవన జ్యోతి బీమా ఉన్నట్టు. 20 రూపాయలు కట్ అయి ఉంటే సురక్షా బీమా ఉన్నట్టు. రెండింటిలోనూ 2 లక్షలు. మొదటిది ఎట్ల చనిపోయినా, రెండోది ప్రమాదంలో పోతే. చేలో పాము కరిచినా ప్రమాదం కిందికే వస్తుంది, కానీ వెంటనే ఆస్పత్రికి పోయిన కాగితం ఉండాల. పదేళ్లు ఎవరూ ముట్టని ఖాతాలో దుడ్డు రిజర్వ్ బ్యాంకు నిధికి పోతుంది. అయినా వారసులు అడిగితే అదే బ్యాంకు ద్వారా వెనక్కి వస్తుంది.

ఎమ్మార్వో ఆఫీసు పని రెండు రకాలు. ఒకటి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. సచివాలయంలోనో మీసేవలోనో అర్జీ పెడితే వీఆర్వో విచారణ చేసి రాస్తాడు. విచారణకు వచ్చిన పొద్దు మనం ఇంట్లో ఉండాల, కూతుర్ల పేర్లు, అత్త పేరు అన్నీ ఎక్కినాయా అని చదివించుకోవాల. రెండోది భూమి పేరు మార్పిడి. వారసత్వంగా భూమి వచ్చినవారు 90 రోజుల లోపల రెవెన్యూ వాళ్లకు తెలపాలని చట్టంలో ఉంది. మా చెల్లెలి విషయంలో సంఘం వాళ్లము ఆమెతో పోయినాము. భార్య, ఇద్దరు పిల్లలు, అత్త, నలుగురి పేర్లూ 1బిలో ఎక్కినాయి. ఎమ్మార్వో ఆర్డరు నచ్చకుంటే ఆదోని డివిజన్ ఆఫీసులో అప్పీలు చేసుకోవచ్చు. ఒక్కరి పేరే పాస్‌బుక్కులో ఎక్కినా మిగతావాళ్ల వాటా చచ్చిపోదు, సివిల్ కోర్టులో భాగం అడగవచ్చు.

ఇంకో మాట. మైనరు పిల్లల భూమిని తల్లి అయినా సరే కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు. అట్ల అమ్మితే ఆ పిల్లలు పెద్దయినాక రద్దు చేయించవచ్చు. “సంతకం పెట్టు, అమ్మి నీకు ఇస్తాము” అనే వాళ్లకు ఈ మాట చెప్పండి.

మూడో ఆఫీసు కోర్టు. చనిపోయినవారి డిపాజిట్లు, బాండ్లు, రావాల్సిన బాకీల కోసం కోర్టు ఇచ్చేది వారసత్వ ధ్రువపత్రం, సక్సెషన్ సర్టిఫికెట్ అంటారు. ఇది 1925 చట్టం కింద ఇస్తారు. భూమికి, ఇంటికి ఇది పనికిరాదు. చనిపోయిన మనిషి నివాసం ఉన్న ప్రాంతపు కోర్టులో అర్జీ వేయాల. అందులో మరణ తేదీ, కుటుంబంలో ఎవరెవరు, ఏ బ్యాంకులో ఎంత ఉంది అన్నీ రాయాల. ఒక్క డిపాజిట్ మరిచిపోతే దానికి మళ్లీ అర్జీ. కోర్టు మిగతా వారసులకు నోటీసు పంపుతుంది, పేపర్లో ప్రకటన వేయిస్తుంది. ఎవరూ అడ్డం చెప్పకుంటే మన సాక్ష్యం తీసుకొని ఆర్డరు ఇస్తుంది. మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టినాక సర్టిఫికెట్ చేతికి వస్తుంది.

మాకు తెలిసిన ఒక అక్క భర్త పత్తి మిల్లులో పని చేసి దాచుకున్న డిపాజిట్ ఉండింది. నామినీ లేదు. అత్తాకోడళ్లకు మాట పడలేదు కాబట్టి బ్యాంకు ఇవ్వలేదు. కోర్టుకు పోయినారు. నోటీసు అందుకొని అత్త కూడా వచ్చింది. జడ్జి ముందు వాటాలు చెప్పేసరికి, “నా వాటా నాకు వస్తే నాకేం కోపం” అన్నది ఆమె. ఎనిమిది నెలలకు ఇద్దరికీ దుడ్డు వచ్చింది. ఊరి పంచాయతీలో రెండేళ్లు తెగనిది అది.

ఖర్చుకు భయపడొద్దు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయం ఎంతున్నా వకీలును ఉచితంగా ఇస్తారు. ఆదోని, ఎమ్మిగనూరు కోర్టుల్లో మండల న్యాయసేవల కమిటీని అడగండి. ఫోను నంబరు 15100. లోక్ అదాలత్‌లో రాజీ అయితే అదే ఆఖరి తీర్పు, దాని మీద అప్పీలు లేదు. కాబట్టి అక్కడ కూడా చదివించుకున్నాకే సంతకం.

చివరిగా విల్లు సంగతి. “విల్లు మగోళ్లకు గదా” అంటారు. కాదు, మనకే ఎక్కువ అవసరం. హిందూ ఆడమనిషి విల్లు లేకుండా పోతే ఆమె ఆస్తి భర్తకు, పిల్లలకు సమానంగా పోతుంది. భర్త, పిల్లలు లేకుంటే? మన చేతులతో సంపాదించిన సొమ్ము మన అమ్మానాన్నల కంటే ముందు భర్త తరఫు వారసులకు పోతుంది. పెంచిన తల్లికి ఇవ్వాలన్నా, చూసుకున్న చెల్లెలికి ఇవ్వాలన్నా విల్లు రాయాల్సిందే. తెల్లకాగితం చాలు, స్టాంపు పేపరు అక్కరలేదు. మనం సంతకమో వేలిముద్రో వేసేటప్పుడు ఇద్దరు సాక్షులు చూసి సంతకం చేయాల. ఆస్తి రాయించుకునే వాళ్లను సాక్షులుగా పెట్టకపోతే మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే గట్టిగా ఉంటుంది. ముస్లింలు మాత్రం వారసులు ఒప్పుకోకుంటే మూడో వంతుకు మించి విల్లు రాయలేరు.

విల్లు నిజమైనదే అని కోర్టు ముద్ర వేసి ఇచ్చేదాన్ని ప్రొబేట్ అంటారు. మద్రాసు, బొంబాయి, కలకత్తా లాంటి చోట్ల హిందువుల విల్లుకు అది తప్పనిసరి అనే నియమం చాలా కాలం ఉండింది. మన కర్నూలు జిల్లాకు ఆ నియమం లేదు. “ప్రొబేట్ చేయించుకురా” అని ఎవరైనా తిప్పితే ఒకసారి వకీలును అడగండి. విల్లు మీద తగాదా వస్తే మాత్రం సాక్షులలో ఒకరైనా కోర్టులో చెప్పాల. కాబట్టి మనకంటే వయసులో చిన్నవాళ్లను, ఊర్లో ఉండేవాళ్లను సాక్షులుగా పెట్టుకోండి.

అప్పులోళ్లు వచ్చి “నీ మొగుడు బాకీ” అంటే, పోయినవారి నుంచి వచ్చిన ఆస్తి ఎంతో అంతవరకే మనం బాధ్యులం. నోటు చూపించమనండి. కొత్త నోటు మీద మాత్రం వేలిముద్ర వేయొద్దు.

అక్కలారా, సమాఖ్యను మేము మూడు అడుగుతున్నాము. ఒకటి, ప్రతి సంఘంలో ఏడాదికి ఒక మీటింగు నామినీల కోసం పెట్టాల, ప్రతి సభ్యురాలి పాస్‌బుక్కు తెరిచి చూడాల. రెండు, ప్రతి ఇంట్లో ఒక నోటుబుక్కు ఉండాల. అందులో సర్వే నంబర్లు, ఖాతాలు, బీమా, బాకీలు రాసి, అది యాడ ఉందో ఇద్దరికి చెప్పాల. మూడు, సభ్యురాలి ఇంట్లో చావు జరిగితే, సంఘంలో చదవకుండా ఆమె ఏ కాగితం మీదా వేలిముద్ర వేయదు అని తీర్మానం చేయాల. మూడోది మా మాధవరంలో ఇప్పటికే చేసినాము. పంచసూత్రాలు మనల్ని అప్పుల నుంచి కాపాడినాయి. ఈ మూడూ మన ఇంటిని కాపాడతాయి.