మీ పాటకు మొదటి శ్రోత మీరే



భౌతికశాస్త్రంలో ధ్వని పాఠం మీరంతా చదివే ఉంటారు. సొంతంగా పాట రాసి, రికార్డు చేసి, పదిమంది ముందు పాడాలనుకునేవారికి ఆ పాఠం ఎలా పనికివస్తుందో ఈ రోజు చూద్దాం.

జంషెడ్‌పూర్ అనగానే మనకు ఉక్కు కర్మాగారం గుర్తుకు వస్తుంది. సాక్చి గ్రామం దగ్గర వెలసిన ఈ పట్టణానికి 1919లో ఆ పేరు పెట్టారు. ఉపాధి కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఇక్కడ స్థిరపడ్డాయి. ఈ ఊళ్లోనే, ఒక తెలుగు కుటుంబంలో 1984లో శిల్పారావు జన్మించారు. తండ్రి దగ్గర సంగీతం మొదలుపెట్టి, ముంబయి వెళ్లి, వాణిజ్య ప్రకటనలకు పాడుతూ, 2007లో వచ్చిన ‘అన్వర్’ చిత్రంతో సినిమా గాయనిగా పరిచయమయ్యారు. ‘జవాన్’ చిత్రంలోని పాటకు 2023 సంవత్సరపు జాతీయ ఉత్తమ గాయని పురస్కారం ఆమెకు లభించింది.

సినిమా పాటకు రాసేవారు ఒకరు, వరుస కట్టేవారు ఒకరు, రికార్డు చేసేవారు మరొకరు. గొంతు కాస్త తడబడితే ‘ఇంకోసారి పాడండి’ అని చెప్పే మనిషి ఎదురుగా ఉంటారు. స్వతంత్రంగా పాట చేసుకునేవారికి వీరెవరూ ఉండరు. అన్ని నిర్ణయాలూ వారివే. కాబట్టి వారికి ముందుగా కావలసింది ఖరీదైన పరికరం కాదు. తమ పాటను పరాయివారిలా వినగలిగే చెవి.

పాట రాయడం

తెలుగులో దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది. అందువల్ల మాట చివర స్వరాన్ని సాగదీయడం తేలిక. కానీ అన్ని చోట్లా సాగదీయకూడదు. ‘పడు’ అనే మాటలో మొదటి అక్షరాన్ని వరుస కోసం సాగదీస్తే అది ‘పాడు’ అవుతుంది. అర్థమే మారిపోతుంది! కాబట్టి దీర్ఘస్వరం వచ్చే చోట గురువు పడేలా మాటను ఎంచుకోవాలి. వ్యాకరణం తరగతిలో నేర్చుకున్న గురులఘువులు ఇక్కడ పనికివస్తాయి.

బడిలో హిందీ, ఇంట్లో శ్రీకాకుళం మాట వింటూ పెరిగిన జంషెడ్‌పూర్ పిల్లలకు మరో సందేహం రావచ్చు. ‘నా తెలుగు పాటకు సరిపోతుందా?’ అని. సరిపోతుంది. అమ్మతో ఏ మాటలో మాట్లాడతారో ఆ మాటలోనే పల్లవి రాయండి. అరువు తెచ్చుకున్న మాట పాడేటప్పుడు తెలిసిపోతుంది.

రికార్డు చేయడం

మొదటిసారి తమ గొంతును రికార్డులో విన్నవారు చాలామంది ‘ఇది నా గొంతేనా?’ అని నిరుత్సాహపడతారు. కొందరు అక్కడే ఆపేస్తారు. దీనికి కారణం గొంతులో లోపం కాదు. మనం పాడేటప్పుడు మన గొంతు గాలి ద్వారానే కాక, పుర్రె ఎముకల ద్వారా కూడా లోపలి చెవికి చేరుతుంది. ఎముకలు తక్కువ పౌనఃపున్యాలను బాగా మోస్తాయి. అందుకే మన గొంతు మనకు గంభీరంగా తోస్తుంది. రికార్డులో గాలి ద్వారా వచ్చిన ధ్వని మాత్రమే ఉంటుంది. లోకం వింటున్నది ఆ గొంతునే. దానితో స్నేహం చేసుకోవాలి.

ఇక గది సంగతి. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. గోడ 3 మీటర్ల దూరంలో ఉంటే వెళ్లి తిరిగి రావడానికి పట్టేది 0.017 సెకను. ప్రతిధ్వని విడిగా వినిపించాలంటే సుమారు 0.1 సెకను తేడా ఉండాలి. కాబట్టి చిన్న గదిలో గోడల నుంచి వచ్చే ధ్వని అసలు గొంతులో కలిసిపోయి మాటను మసకబారుస్తుంది. బొంతలు, దుప్పట్లు వేలాడదీస్తే హెచ్చు పౌనఃపున్యాలు తగ్గుతాయి. అయితే 100 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం 3.4 మీటర్లు. దానిని పలచని దుప్పటి ఆపలేదు.

అన్నిటికన్నా చౌకైన ఉపాయం మైకు దగ్గరగా పాడడం. మైకుకు 20 సెంటీమీటర్ల దూరం నుంచి 40కి జరిగితే నేరుగా చేరే ధ్వని సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గది ధ్వని మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. ఫ్యాను ఆపండి. ధ్వని స్థాయిని గరిష్ఠానికి చేర్చకండి. హద్దు దాటితే తరంగం శిఖరం తెగిపోతుంది, తెగినదాన్ని తర్వాత సరిగ్గా అతికించలేము.

వేదిక మీద

ఖాళీ హాలులో సాధన చేసినప్పుడు గొంతు మోగుతుంది. జనం నిండాక ఆ మోత తగ్గుతుంది. మనుషుల శరీరాలు, దుస్తులు ధ్వనిని గ్రహించడమే కారణం. ఇది ముందే తెలిస్తే కంగారుపడి గొంతు చించుకోము. స్పీకరు ధ్వని మళ్లీ మైకులో పడితే కూత పుడుతుంది. అందుకే స్పీకర్లను మైకుకు ముందువైపు, శ్రోతల దిశగా ఉంచాలి. ఉగాదికి, వినాయక చవితికి వీధిలో వేసే చిన్న పందిరి దీనికి మంచి ప్రయోగశాల. ఏ చరణం దగ్గర శ్రోతలు పక్కవారితో మాట్లాడడం మొదలుపెట్టారో గమనించండి. సవరణ అక్కడే అవసరం.

పాట మీద హక్కు

మీరు రాసిన పాటకు, కట్టిన వరుసకు హక్కు అది రూపుదిద్దుకున్న క్షణం నుంచే మీకుంటుంది. మన దేశంలో నమోదు తప్పనిసరి కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ పాటల రచయితకు, స్వరకర్తకు రాయల్టీలో సమాన వాటా హక్కును కాపాడింది. ఏ ఒప్పందమైనా చదివి, పెద్దలకు చూపించి, అప్పుడే సంతకం చేయండి.

చివరగా మీకొక చిన్న ప్రయోగం. ఒక పల్లవి రాసి, సెల్‌ఫోనులో రికార్డు చేసి, మూడు రోజులు పక్కన పెట్టండి. తర్వాత వినండి. నచ్చని అంశాలు రాసుకొని, వాటిలో ఒక్కదాన్నే మార్చి మళ్లీ రికార్డు చేయండి. ఒకేసారి నాలుగు మార్చితే దేనివల్ల మెరుగుపడిందో తెలియదు. ప్రయోగశాలలో పాటించే నియమమే ఇది. పాట బాగుందని ఎవరో చెప్పేదాకా ఎదురుచూడనవసరం లేదు. బాగోలేనప్పుడు ఆ సంగతి ముందుగా గుర్తించవలసిన బాధ్యతా మీదే.